కారు కాయిల్ కొనే ముందు స్పార్కు ప్లగ్గు విప్పి చూడండి

పోయిన కార్తీకంలో మూడు రోజులు వదలని వానకు చెన్నైలో మా వేళచ్చేరి వీధి చెరువైంది. నాలుగో రోజు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కారుకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. దారిలో ఒక గ్యారేజీవాళ్లు బానెట్ ఎత్తకుండానే ప్లగ్గులకు కరెంటు అందించే నాలుగు ఇగ్నిషన్ కాయిళ్లూ పోయాయన్నారు. ఇల్లు దగ్గరే కనుక మెల్లగా తెచ్చుకున్నాను. ఇంజన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం దూరం నడపకండి. కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాలుస్తుంది.

కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాన్ని చదివే కోడ్ రీడర్ నా దగ్గరుంది, అది మూడో సిలిండర్‌ను చూపింది. ఇంజన్ ఆపి, మూడో కాయిల్‌ను ఒకటో దానితో మార్చి బిగించాను. జబ్బు కాయిల్‌దైతే దాని వెంట ఒకటికి పోవాలి. పోలేదు, మూడులోనే ఉంది. అంటే చూడవలసింది సిలిండర్‌లో పెట్రోలు అంటించే ప్లగ్గు.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు చిరుగుతాయి. నేను తెల్లవారేదాకా ఆగాను. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కనెక్టర్ లాక్ నొక్కి లాగి, బోల్టు విప్పి, కాయిల్‌ను కాస్త తిప్పుతూ పైకి తీయండి. ప్లగ్గు విప్పే ముందు ఆ గుంతలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టండి. లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. నా గుంతలో నీళ్లున్నాయి. గుడ్డ చుట్టిన పుల్లతో అద్ది తీశాను.

ప్లగ్గు మొన లేత గోధుమరంగులోనే ఉంది, మంచిదే. తెల్లని పింగాణీ మీద మాత్రం పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత. నీటి తడి పట్టుకుని స్పార్కు లోపలికి పోకుండా బయటనే దూకిన జాడ అది. కాయిల్ రబ్బరు బూటులోనూ, అంటే ప్లగ్గు మీద కూర్చునే తొడుగులోనూ, అలాంటి గీత ఉంటే అదీ మార్చాలి. నాకు లేదు, తుడిచి వాడుకున్నాను.

పాత ప్లగ్గు పట్టుకుని, బండి విడిభాగాల అంగళ్లుండే జీపీ రోడ్డుకు వెళ్లి అదే నంబరువి నాలుగు తెచ్చాను. ప్లగ్గు మొనల మధ్య సందు (గ్యాప్) ఎంతో కారు పుస్తకంలో ఉంటుంది, ఆ సందు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్‌తో చూడండి. ఇరిడియం ప్లగ్గయితే మధ్య మొనను ముట్టుకోకండి, ఇట్టే విరుగుతుంది. కింద పడ్డ ప్లగ్గు వాడనే వాడకండి.

బిగించేటప్పుడే ఎక్కువ కొంపలు మునుగుతాయి. ప్లగ్గు తలకు జానెడు రబ్బరు గొట్టం తొడిగి, దాంతోనే తిప్పుతూ దింపండి. మర అడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది. స్పానర్‌కు ఆ బుద్ధి లేదు. కొత్త వాషరున్న ప్లగ్గు ఆనాక సుమారు అర చుట్టు చాలు, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి ఉంటే పుస్తకంలోని లెక్కకు బిగించండి.

ఎక్కిళ్లు ఆగాయి. నీళ్లు ఎటు నుంచి దిగాయా అని వెతికితే, ముందు అద్దం కింది జాలీ నిండా మా వీధి బాదం ఆకులు, నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. ఇప్పుడు వానాకాలం ముందే వాటిని ఏరేస్తున్నాను.