పజిల్ హంట్ తయారీ – 3వ పాఠం: నాలుగు తాళ్ళు, ఒక గోళీ

పజిల్ హంట్ అంటే టీములు ఒక్కో పజిల్ విప్పి, దాని జవాబు మాట పట్టుకుని తరవాతి క్లూకి వెళ్ళే ఆట. కిందటి పాఠంలో ఆ జవాబు మాట ఎంచుకోవడం దాకా వచ్చాం. ఈసారి చేత్తో ఆడే చిక్కుదారి చేద్దాం. పిల్లల పత్రికల్లో "కుందేలుకి దారి చూపండి" అని వేసే బొమ్మలాంటిదే, కాకపోతే ప్లైవుడ్ ముక్క మీద. అందులో గోళీ దొర్లాలి. పైగా టీమ్‌లో ఐదుగురూ ఒకేసారి పనిచేస్తేనే అది కదలాలి: నలుగురు మూలల తాళ్ళు పట్టుకుని బోర్డుని వంచాలి, ఐదోవాడు చూసి దారి చెప్పాలి. కాగితం మీద మేజ్ ఇస్తే ఏమవుతుందో తెలిసిందే. చురుకైనవాడొకడు పెన్ను లాక్కుంటాడు, మిగతా నలుగురూ ఫోన్లు తీస్తారు.

ముందు మా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను. విజయనగరంలో మా వీధి పిల్లలకి దసరా సెలవుల్లో హంట్ పెట్టాం. జవాబు గంటస్తంభం, మా ఊళ్ళో గడియారం ఉన్న స్తంభం. బోర్డు మీద గం, ట, స్తం, భం అని నాలుగు అక్షరాలు రాసి, గోళీ దొర్లిన వరసలో చదవాలన్నాం. మూడు సాయంత్రాలు కూర్చుని గోడలు అతికించాం. పదో తరగతి పిల్ల ఒకత్తి వచ్చింది, తాడు కూడా ముట్టుకోలేదు. "గంటస్తంభమే కదన్నా?" అనేసి తరవాతి క్లూకి పోయింది.

తప్పు పిల్లది కాదు. తెలుగులో ఒక్కో అక్షరం మోసే బరువు ఎక్కువ. 'స్తం' కనిపించిందంటే సగం మాట చెప్పేసినట్టే, అందులోనూ రోజూ ఆ గంటస్తంభం పక్కనుంచే ట్యూషన్‌కి వెళ్ళే పిల్లలకి. కాబట్టి మొదటి పని, జవాబు అక్షరాలతో పాటు దొంగ అక్షరాలు పెట్టడం. అవి ఏవో పిచ్చి అక్షరాలైతే లాభం లేదు, నిజమైన మాటలే రావాలి. రెండోసారి మేం సి, రి అని మొదలుపెట్టి, అక్కడ దారిని మూడుగా చీల్చాం. ఒక పాయలో మా, ను. ఒకదాంట్లో పు, రం. మూడోదాంట్లో మ, ల్లె. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, తిరిగే ఊరు ఇది. 'సిరి' అనగానే అందరి నోటా 'మాను' అనే వస్తుంది. అందుకే దాన్ని ఎరగా వేసి, ఆ పాయనీ, 'పురం' పాయనీ చివర మూసేశాం. జవాబు సిరిమల్లె. తప్పు చెబితే ఐదు నిమిషాలు పక్కన నిలబడాలన్న రూలు కూడా పెట్టాం. ముందు గంతులేసిన టీములన్నీ నిలబడ్డాయి.

ఇక బోర్డు. వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్క, 30 సెంటీమీటర్ల చదరం అడగండి. అట్టపెట్టె ముక్క వద్దు. ఫెవికాల్ తడికి వంగిపోతుంది, వంగితే గోళీ ఎప్పుడూ మధ్యకే పరిగెడుతుంది. మామూలు గాజు గోళీ మందం 16 మిల్లీమీటర్లు ఉంటుంది. గడిని 27 మిల్లీమీటర్లకి గీస్తే గోడ మందం పోను 25 దారి మిగులుతుంది. ఇంతకన్నా ఇరుకైతే మలుపుల్లో ఇరుక్కుంటుంది. గోడలకి ఐస్‌క్రీమ్ పుల్లలు, అంచు మీద నిలబెట్టి. పుల్ల వెడల్పు 10 మిల్లీమీటర్లు, అంటే గోళీ నడుము దాటి పైకే ఉంటుంది కాబట్టి గోళీ గోడ దూకదు. పుల్ల గుండ్రటి చివరలు కోసేస్తే సరిగ్గా నాలుగు గళ్ళ పొడవు వస్తుంది. ఈ లెక్క కుదిరినందుకు నేను ఇప్పటికీ మురిసిపోతుంటాను.

అతికించే ముందు గళ్ళ నోట్‌బుక్‌లో అడ్డంగా 10, నిలువుగా 10 గళ్ళు గీసి దారి వేసుకోండి. ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా ఒకే దారి ఉండాలి. చెట్టు కొమ్మలు చీలతాయి గాని మళ్ళీ కలవవు కదా, అలాగ. దారి రెండు రకాలుగా ఉంటే అక్షరాలూ రెండు రకాలుగా వస్తాయి, పిల్లలతో పంచాయితీ. దీనికో లెక్క ఉంది. 100 గళ్ళు కలవడానికి 99 సందులు చాలు. పక్కపక్క గళ్ళ మధ్యల్లా ఒక గడి పొడవు గోడ ముక్క పెడితే అడ్డంగా 90, నిలువుగా 90, మొత్తం 180 కాబట్టి, సందుల కోసం 99 తీసేస్తే 81 మిగలాలి. 80 ఉంటే ఎక్కడో దారి చుట్టు తిరిగి కలిసినట్టు. 82 ఉంటే ఏదో గడి మూసుకుపోయినట్టు. రెండు తప్పులూ కలిసి ఒకదాన్నొకటి కప్పేసి 81 చూపించవచ్చు కూడా, అందుకని పెన్సిల్‌తో ప్రతి గడికీ ఓసారి వెళ్ళి రండి. అక్షరాలు చీలిక దగ్గర రాయకండి, మలుపు దాటాక రాయండి. దారి తప్పి వెనక్కి వచ్చిన పాయలో అక్షరాలు లెక్కలోకి రావని ముందే చెప్పాలి.

గోళీని వంచి వంచి దొర్లించే ఆట పాతదే. 1889లో అమెరికాలో చార్లెస్ క్రాండాల్ ఇలాంటి బొమ్మ అమ్మి ఊపేశాడు. అది ఒక్కడు ఆడేది. మనం నాలుగు మూలలా చిల్లులు పెట్టి, మీటరేసి పురికొస కట్టి నలుగురికి ఇస్తాం. వాళ్ళు బోర్డుకి వీపు పెట్టి, తాడు భుజం మీదుగా పట్టుకుని నిలబడతారు. ఐదోవాడు చూసి చెప్పాలి. కానీ బోర్డంతా కనిపిస్తే కంటితోనే దారి పట్టేస్తాడు. అందుకని చార్ట్ పేపర్‌ని 30 సెంటీమీటర్ల పొడవు గొట్టంలా చుట్టి ఇవ్వండి. ఒక కన్ను మూసి అందులోంచే చూడాలి. అరచేయంత మేరే కనిపిస్తుంది.

మొదటి రెండు నిమిషాలూ కొట్లాటే. "కుడి దించు!" "ఎవలి కుడీ?" వీపులు నాలుగు దిక్కులకీ ఉంటే కుడి నాలుగు రకాలు మరి. మీరు నోరు మెదపకండి. ఒక టీమ్ కాసేపటికి మూలలకి మా ఊళ్ళో చోట్ల పేర్లు పెట్టుకుంది: కోట, పెద్దచెరువు, మూడు లాంతర్లు, స్టేషన్. ఆ తరవాత, "కోట దించండ్రా, బేగి! చెరువు కొంచెం లేపు!" అని ఊరంతా ఊగింది, గోళీ చక్కగా నడిచింది. ఆ పేర్లు పెట్టుకోవడమే ఈ పజిల్‌లో అసలు చిక్కుముడి. దాన్ని మీరే విప్పి చేతిలో పెట్టకండి.

వచ్చే పాఠానికి బోర్డు సిద్ధం చేసుకుని, మీ ఇంట్లోవాళ్ళు కాని ఐదుగుర్ని పట్టుకోండి. పరీక్ష పెట్టి చూద్దాం. గోళీలు మాత్రం మూడు దగ్గరుంచుకోండి. మా మొదటిది కాలవలోకి పోయింది.