కారు ఏసీ మనమే చూసుకుందాం – 4వ పాఠం: నిన్న చల్లగా, ఇవాళ వేడిగా

పోయిన పాఠంలో ఇంజిన్, ఏసీ రెండూ ఆన్ చేసి కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి పైపుల్లో తిప్పే పంపు) తిరుగుతోందో లేదో చూసి రాయమన్నాను. చాలామంది "తిరుగుతూనే ఉంది, కానీ చల్లగాలి లేదు" అని రాశారు. కొందరు అక్కడితో ఆగకుండా వెళ్ళి గ్యాస్ కూడా నింపించుకున్నారు. డబ్బు పోయింది, ఏసీ మాత్రం రాలేదు. కాబట్టి ముందు దీని సంగతి తేల్చుకుందాం.

మీరు చూసింది పుల్లీని. బెల్టు దాని మీదే ఉంటుంది కాబట్టి, ఏసీ వేసినా వేయకపోయినా ఇంజిన్ నడుస్తున్నంతసేపూ అది తిరుగుతుంది. చూడాల్సింది దాని ముందు, మధ్యలో బోల్టుతో బిగించి ఉండే గుండ్రటి క్లచ్ ప్లేటుని. బటన్ నొక్కగానే టక్కున శబ్దం వచ్చి, ప్లేటు పుల్లీకి అతుక్కుని దాంతోపాటు తిరగాలి. తేడా కనిపించకపోతే ఇంజిన్ ఆపి ప్లేటు మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. మళ్ళీ స్టార్ట్ చేసి ఏసీ వేసినప్పుడు గీత కదలకుండా నిలిచి ఉంటే క్లచ్ పడటం లేదు. కొన్ని కొత్త కార్లలో అసలు క్లచ్ ఉండదు, ప్లేటు ఎప్పుడూ తిరుగుతుంది. ఆ కార్లవాళ్ళకి ఈ పాఠం పనికిరాదు.

గీత కదలని వాళ్ళు ఒక ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకోండి. ఏసీ ఒక్కసారిగా ఆగిందా, కొన్ని వారాలుగా చల్లదనం తగ్గుతూ వచ్చిందా? గ్యాస్ సన్నగా లీకవుతుంటే చల్లదనం మెల్లమెల్లగా తగ్గుతుంది. నిన్న సాయంత్రం గడ్డకట్టించి ఇవాళ పొద్దున ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది కరెంటుని. చలికాలమంతా ఏసీ ముట్టుకోకుండా, ఉగాదికి ఊరెళ్తూ మొదటిసారి ఆన్ చేసి "ఉన్నట్టుండి పోయింది" అంటే అది ఉన్నట్టుండి పోవడం కాదు. ఆ నెలల్లో గ్యాస్ కారిపోయి ఉండొచ్చు. ఇంకొకటి, రాయి తగిలి కండెన్సర్ (గ్రిల్ వెనక గ్యాస్‌ని చల్లబరిచే జాలీ) చిల్లుపడితే గ్యాస్ కూడా ఒక్కసారే పోతుంది. కానీ అప్పుడు గ్రిల్ వెనక నూనె తడి కనిపిస్తుంది, ఎందుకంటే కంప్రెసర్ నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది.

ఫ్యూజ్ చూడటం చెప్పను, అది మీకు వచ్చు. రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే డబ్బీలాంటి స్విచ్) నా పద్ధతి ఇది: చాలా కార్లలో హారన్ రిలే, ఏసీ రిలే ఒకే రకం. రిలే మీద రాసిన నంబరు, కాళ్ళ అమరిక రెండూ కలిస్తేనే ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూడండి. క్లచ్ పడి హారన్ మూగబోతే దొంగ దొరికినట్టే.

తర్వాత క్లచ్ వైరు. ఇక్కడ మల్టీమీటర్ కంటే ఇండికేటర్‌కి వాడే 21 వాట్ల బల్బుతో చేసుకున్న టెస్ట్ ల్యాంపునే నేను నమ్ముతాను. తీగ లోపల పచ్చటి తుప్పు పట్టి ఒకే పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. క్లచ్ కాయిల్‌కి (అయస్కాంతమై ప్లేటుని లాగే తీగచుట్టకి) 3 నుంచి 4 ఆంపియర్లు కావాలి, ఆ ఒక్క పోగు అంత ఇవ్వలేదు. బల్బు గుడ్డిగా వెలిగితే సంగతి అక్కడే తెలిసిపోతుంది. కాయిల్‌ని కొలవడానికి మాత్రం మీటరు కావాలి. మామూలుగా 3 నుంచి 4 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయింది.

బల్బు బాగా వెలుగుతోంది, కాయిల్ బాగుంది, అయినా ప్లేటు అతుక్కోవడం లేదు. ఇలాంటి చోటే కొత్త కంప్రెసర్ అంటగడతారు. ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు సాధారణంగా అర మిల్లీమీటరు దగ్గర ఉండాలి. అరిగేకొద్దీ అది పెరుగుతుంది. పొద్దున బాగా పనిచేసి, మధ్యాహ్నం ఎండలో అరగంటకి ఆగి, చల్లబడ్డాక మళ్ళీ వచ్చే ఏసీల్లో చాలావాటి జబ్బు ఇదే. కాయిల్ వేడెక్కితే దాని నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది, అయస్కాంతం బలహీనపడుతుంది, పెరిగిన సందుని దాటి ప్లేటుని లాగలేదు. ఏసీ ఆన్‌లో ఉండగా పొడవాటి కర్రతో ప్లేటుని మెల్లగా లోపలికి నెట్టండి. అతుక్కుని నిలబడితే సందే కారణం. ప్లేటు వెనక ఉన్న పల్చటి షిమ్ (రేకు రింగు) ఒకటి తీసేస్తే చాలా కార్లు దారిలో పడతాయి. చున్నీ, వదులు చొక్కా బెల్టుకి దూరంగా ఉండాలి. ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, చెయ్యి అటు పెట్టకండి.

ఇప్పుడు గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజ్ సంగతి. "ఇంజిన్ ఆపి గేజ్ పెట్టించాను, 115 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చూపించింది, గ్యాస్ ఫుల్లుగా ఉందన్నారు" అని ఎంతమంది రాశారో! ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కనిపించే ప్రెషర్‌కీ, లోపల ఎంత గ్యాస్ ఉందన్నదానికీ సంబంధం లేదు. పైపుల్లో ఎక్కడో కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఆ ప్రెషర్‌ని నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. కారు ఏసీల్లో వాడే ఆర్134ఏ గ్యాస్ 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 35 దగ్గర 114, 40 దగ్గర 133 చూపిస్తుంది. 500 గ్రాములు పట్టే కారులో 500 ఉన్నా అంతే, 250 ఉన్నా అంతే. వంటింటి సిలిండర్ చూడండి: 14.2 కిలోలు ఉన్న రోజూ, 2 కిలోలకి దిగిన రోజూ మంట ఒకేలా వస్తుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాల్సిందే. ఏసీ గ్యాస్ కూడా తూకం సరుకే. అందుకే బోనెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాస్తారు. కాబట్టి రోహిణి కార్తె మధ్యాహ్నం 133 చూసి "ఎక్కువైంది" అని గ్యాస్ వదిలేయడం, జనవరి తెల్లవారుజామున 65 చూసి "తక్కువైంది" అని నింపడం రెండూ తప్పే.

మరి ఆ అంకె దేనికి? రాత్రంతా నీడలో ఆగిన కారుకి పొద్దున్నే గేజ్ పెట్టి, అప్పటి ఉష్ణోగ్రతతో పోల్చాలి. ఆ వేడికి ఉండాల్సినంత ఉంటే లోపల కొంతైనా ద్రవం ఉందని అర్థం, అంతకుమించి ఏమీ కాదు. బాగా తక్కువుంటే ద్రవం పూర్తిగా అయిపోయింది, లీకు వెతకండి. బాగా ఎక్కువుంటే లోపల గాలో వేరే గ్యాసో కలిసింది. ఇంజిన్ వేడి మీదున్నప్పుడు తీసిన రీడింగ్‌ని కాగితం మీద కూడా రాయకండి.

గ్యాస్ బాగా తగ్గితే క్లచ్‌ని పడనివ్వని ప్రెషర్ స్విచ్‌కి వైరు ముక్క అడ్డం పెట్టి క్లచ్ పడేలా చేసినవాళ్ళు వెంటనే తీసేయండి. గ్యాస్ లేకపోతే నూనె తిరగదు, కంప్రెసర్ పట్టేస్తుంది. మూడు వైర్లుంటే అది మామూలుగా స్విచ్ కాదు, సెన్సర్. దాన్ని షార్ట్ చేస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

అభ్యాసం. మీ కారులో బ్యాటరీ నుంచి క్లచ్ కాయిల్ దాకా కరెంటు నడిచే దారిని కాగితం మీద గీయండి. ప్రతి ఫ్యూజ్, రిలే, కనెక్టర్, చివర ఎర్త్, అన్నీ ఉండాలి. రిలేకి ఆర్డర్ ఇచ్చే వైరు వేరుగా గీయండి. ఫ్యూజ్ బాక్సు మూత మీది బొమ్మ చాలదు, వైర్లని కళ్ళతో వెంబడించాలి. ఒక ఆదివారం పూర్తిగా పట్టొచ్చు. ఆ తర్వాత ఈ ప్రశ్న: విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తున్న కారు హైవే మీద చల్లగా ఉంది. పంతంగి టోల్ ప్లాజా దగ్గర క్యూలో ఆగిన కాసేపటికి క్లచ్ దానంతట అదే విడిపోయి వేడిగాలి వచ్చింది, కదిలాక మళ్ళీ చల్లబడింది. ఏది చెడింది, క్లచ్‌ని విడదీసింది ఎవరు? రెండో సగానికి జవాబు మీరు గీసిన బొమ్మలోనే ఉండాలి. లేకపోతే బొమ్మ మళ్ళీ గీయండి.

ప్లేటు తిరుగుతూ కూడా చల్లబడని కార్లను ఐదో పాఠంలో చూద్దాం. దానికి ఇంజిన్ నడుస్తుండగా తీసిన నీలం (తక్కువ ప్రెషర్ వైపు), ఎరుపు (ఎక్కువ ప్రెషర్ వైపు) గేజ్‌ల రీడింగులు రెండూ, బయటి ఉష్ణోగ్రతతో సహా, రాసి ఉంచుకోండి.