మామిడి సీజన్‌కి సాఫ్ట్‌వేర్ అందాలంటే బ్రూక్స్ లెక్క

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాటా చీటీల సాఫ్ట్‌వేర్ చేయాలనుకోండి. జూన్‌లో తోతాపురి ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరతాయి. చేతిలో 12 వారాలు, ముగ్గురు మనుషులు. ఈ గడువును పంచుకునే లెక్క ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసిన 'ది మిథికల్ మ్యాన్-మంత్'లో ఉంది. ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన మనిషి ఆయన.

మూడో వంతు ప్లానింగ్, ఆరో వంతు కోడింగ్, పావు వంతు విడిభాగాల టెస్టింగ్, మిగతా పావు అన్నీ కలిపి టెస్టింగ్. అంటే 4, 2, 3, 3 వారాలు. చాలామంది చివరి మూడు వారాలకే కోత పెడతారు. అప్పుడు ఆలస్యం సరిగ్గా డెలివరీ ముందు బయటపడుతుంది.

ప్లానింగ్ నాలుగు వారాలూ కాటా దగ్గర కూర్చోండి. లోడు బండి తూకం పొద్దున, ఖాళీ బండి తూకం సాయంత్రం అయితే చీటీ అంతసేపూ తెరిచే ఉండాలి. మధ్యలో కరెంటు పోతే? ఒకే ట్రాక్టర్లో ఇద్దరు రైతుల కాయ వస్తే బరువు ఎలా విడదీయాలి? ఇలాంటివన్నీ కోడ్ రాయకముందే తేలాలి. అందరినీ అడగండి, కానీ తేల్చేది ఒక్కరే అయితేనే సాఫ్ట్‌వేర్‌కి ఒక పొందిక వస్తుంది.

'90 శాతం అయిపోయింది' అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. 'ఖాళీ బండి తూచాక నికర బరువుతో చీటీ ప్రింటయిందా?' అని అడగండి. అవును, కాదు, అంతే.

ఆలస్యమైందని తెలిశాక తిరుపతి నుంచి ఇంకో ముగ్గుర్ని దింపాలనిపిస్తుంది. వద్దు. ముగ్గురి మధ్య మాట్లాడుకోవాల్సిన జతలు 3, ఆరుగురైతే 15. పైగా కొత్తవాళ్లకు నేర్పాల్సింది పని తెలిసిన ఆ ముగ్గురే, ఆ రోజుల్లో వాళ్ల పని ఆగుతుంది. మనుషుల్ని చేర్చాలంటే మొదట్లోనే చేర్చండి, అప్పుడు నష్టం తక్కువ. ఆ పుస్తకం 1995 ఎడిషన్‌లో బ్రూక్స్ కూడా ఈ సంగతి ఒప్పుకున్నారు.

ఆలస్యమైతే పని తగ్గించండి. ఎస్ఎంఎస్‌లు, నెలవారీ రిపోర్టులు సీజన్ తర్వాత చేసుకోవచ్చు. తూకం, చీటీ, రైతు ఖాతా మాత్రం వదలకూడదు. అదీ కుదరకపోతే కొత్త తేదీ ఒక్కసారే, మళ్లీ జరపనక్కర్లేనంత దూరంగా అడగండి. మొదటి వారం పాత కార్బన్ చీటీ పుస్తకాన్ని కూడా కాటా బల్ల మీదే ఉంచి, సాయంత్రానికి రెండు లెక్కలూ సరిచూడండి.