పట్టుచీర మీదికి హీల్స్: రాళ్లు తర్వాత, ముందు అడుగు చూడండి

పెళ్లికి చెప్పులు కొనేటప్పుడు చాలామంది ముందు రాళ్లు చూస్తారు, తర్వాత రంగు, చివరికి సైజు. ఆ వరసే తప్పు. రిసెప్షన్‌లో నాలుగైదు గంటలు నిలబెట్టాల్సిన చెప్పు అది. పాదం ఎక్కడ ఆనుతోంది, హీల్ నేల మీద ఎలా కూర్చుంటోంది అన్నవి తేలాకే మెరుపుల సంగతి.

షాపుకి సాయంత్రం వెళ్లండి. పొద్దుటి నుంచి తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పెళ్లిలోనూ అలాగే ఉబ్బుతుంది. వెళ్లేముందు ఇంట్లో కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసుకుని, మడమ నుంచి పొడవైన వేలి కొస దాకా కొలవండి. రెండూ సమానంగా లేకపోతే పెద్ద పాదానికి సరిపోయేదే కొనాలి. యూకే సైజుల్లో నంబరుకీ నంబరుకీ మధ్య తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు, యూరప్ సైజుల్లో సుమారు 6.7. అందుకే యూకే 5 బిగుతై 6 వదులైతే, యూరప్ నంబర్లున్న జత వేసి చూడండి. మధ్య కొలత దొరకొచ్చు.

ఎత్తు విషయంలో పెట్టె మీద రాసిన అంగుళాలు నమ్మకండి. హీల్ ఎత్తులోంచి ముందు అట్ట మందం తీసేస్తే మిగిలేదే మీ పాదం మోసే అసలు ఎత్తు. 4 అంగుళాల హీల్‌కి ముందు అంగుళం ప్లాట్‌ఫామ్ ఉంటే పాదానికి అది 3 అంగుళాలే. అయితే మందపాటి ప్లాట్‌ఫామ్ వంగదు, నేల ఎగుడుదిగుడు కాలికి తెలియదు, చీలమండ మడత పడొచ్చు. అలవాటు లేనివాళ్లకి 2 అంగుళాల బ్లాక్ హీల్ (దిమ్మలా మందంగా ఉండేది) చాలు. లాన్‌లో ఫంక్షనైతే పెన్సిల్ హీల్ వద్దే వద్దు, గడ్డిలో దిగబడిపోతుంది. అక్కడికి వెడ్జెస్ (హీల్, అడుగు కలిసి ఒకే దిమ్మలా ఉండేవి) గానీ వెడల్పాటి బ్లాక్ గానీ సరి.

కౌంటర్ మీద పెట్టి మూడు పరీక్షలు చేయండి. మొదటిది: చెప్పుని బల్ల మీద ఉంచి కళ్లు బల్ల ఎత్తుకి వంచి చూడండి. హీల్ కింది రబ్బరు మొత్తం బల్లని తాకాలి, ఒక అంచు లేస్తే ఆ జత పక్కన పెట్టేయండి. రెండోది: హీల్‌ని వేలితో పక్కకి నొక్కి వదలండి. ఊగితే లోపల మేకులు సరిగా పట్టలేదన్నట్టే. మూడోది ముఖ్యం. రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, పాదం నడుమ గట్టిగా ఉండాలి. ఆ నడుమ భాగంలో సన్నని ఇనుప పట్టీ ఉంటుంది, దాన్ని షాంక్ అంటారు. అది బలహీనమైతే బరువు పడగానే నడుమ కుంగి, హీల్ వెనక్కి జారుతుంది.

రాళ్ల పని ఉన్న జతైతే పాత సిల్కు గుడ్డముక్క పట్టుకెళ్లి పట్టీల మీద రెండువైపులా లాగి చూడండి. పోగు ఎక్కడ తగులుకుందో, రేపు చీర జరీ అక్కడే తెగుతుంది.

మెట్టెలు పెట్టుకునేవాళ్లకి మొన తేలిన బూట్లు నప్పవు. మెట్టె పక్క వేళ్లలోకి దిగి గంటలోపే నొప్పి మొదలవుతుంది. ముందు తెరిచి ఉన్నవే తీసుకోండి, అడ్డపట్టీ మెట్టెకి వెనక పడాలి. పారాణి పెట్టుకునే పెళ్లికూతురికి లోపలి అట్ట మెరూనో ముదురు బంగారు రంగో మంచిది, తెల్ల శాటిన్ మీద మరక ఉండిపోతుంది. మండపం ఎక్కేటప్పుడు ఎలాగూ విప్పాలి. పట్టుచీరలో వంగి సన్నని బకిల్ పెట్టుకోవడం కష్టం కాబట్టి వెనక జిప్పో ఎలాస్టిక్కో ఉన్నది చూసుకోండి.

చీర కట్టే ముందే హీల్స్ వేసుకోవాలి. ఒట్టి కాళ్లతో కట్టి తర్వాత 3 అంగుళాలు ఎక్కితే కుచ్చిళ్లు పైకి లేస్తాయి. హీల్స్‌తో కట్టి మండపంలో విప్పితే కాళ్లకి అడ్డం పడతాయి. అందుకే ముహూర్తం చీరకి ఫ్లాట్స్, రిసెప్షన్‌కి హీల్స్ అని విడదీసుకోవడమే మేలు.

కొన్నాక వారం ముందు నుంచి రోజూ అరగంట ఇంట్లో వేసుకుని తిరగండి. పాదం ముందుకి జారి వేళ్లు నలుగుతుంటే, వేళ్ల మొదళ్ల కింద జెల్ ప్యాడ్ అంటించండి. వెనక మడమ దగ్గర ప్యాడ్ పెట్టడం ఇక్కడ పొరపాటు, అది పాదాన్ని ఇంకా ముందుకి నెడుతుంది. మడమ మాత్రమే ఊడొస్తుంటేనే వెనక ప్యాడ్. ఒరిసే చోట చర్మం ఎర్రబడకముందే మైక్రోపోర్ టేపు వేయండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి సాగదీయడం అసలైన తోలుకే. రెక్సిన్‌కి చేస్తే పైపొర లేచిపోతుంది, జిగురు వదులుతుంది.

ఫంక్షన్ హాల్ గ్రానైట్ మీద కొత్త చెప్పు అడుగు జారుతుంది. గరుకు కాగితంతో అడుగుని అడ్డంగా పదిసార్లు రుద్దండి, లేదా చెప్పులు కుట్టే అతనితో పల్చని రబ్బరు షీటు అంటించుకోండి. నడుస్తుంటే టక్కుమని లోహం చప్పుడొస్తే హీల్ కింది రబ్బరు అరిగి మేకు నేలకి తగులుతున్నట్టు. వెంటనే రబ్బరు మార్పించండి. ఆలస్యమైతే హీల్ కొసే అరిగిపోతుంది, అప్పుడు బాగుచేయడం కష్టం.

పెళ్లయ్యాక పెట్టెలో పెట్టి మూడునాలుగేళ్లు మరిచిపోతే, తీసేసరికి అడుగు పొడిపొడిగా రాలిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. కారణం చెమ్మ. పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన అడుగు గాలిలోని తేమతో కలిసి మెల్లగా విడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. ప్లాస్టిక్ కవర్లో బిగించకండి. చెమట ఆరాక మెత్తని పొడి గుడ్డతో తుడిచి, ముందు భాగంలో కాగితం ఉండలు కూరి, నూలు సంచిలో సిలికా జెల్ పొట్లాంతో పెట్టండి. రెండు నెలలకోసారి తీసి గాలి తగలనివ్వండి, కాసేపు వేసుకుని నడవండి.