ఫ్లోరైడ్ ఊరికి ఆరోగ్య పాఠం చెప్పడానికి వెళ్తున్నారా?

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఆరోగ్య కార్యక్రమం పెట్టాలనుకునే రీసెర్చ్ స్కాలర్లకు, కొత్తగా చేరిన లెక్చరర్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే. బ్యానర్ మీద ‘అవగాహన సదస్సు’ అని రాయించకండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోస దేశానికి వినిపించాలని నల్గొండ స్థానంలో 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అలాంటి జిల్లాలో తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ చెడ్డదని చెప్పడానికి మనం జీపు వేసుకుని వెళ్లక్కర్లేదు. వంగిపోయిన నడుములు ఆ సంగతి మనకే చెబుతాయి.

ఊరికి తెలియనిది వేరే ఉంది. ఈ ఏడు, ఈ వాడలో, ఈ బోరులో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందన్నది. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకదానికి 1 లోపే రావచ్చు, రెండో దానికి 4 రావచ్చు. మన రాతి నేలల్లో పగుళ్లను బట్టి, లోతును బట్టి నీరు మారిపోతుంది. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. యూనివర్సిటీ వాళ్లు ఇవ్వగలిగింది ఆ అంకె. దాన్ని వాళ్ల చేతికిచ్చి, ఇక ఏం చేయొచ్చో పక్కన కూర్చుని తేల్చుకోవడమే మన పాఠం. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవాలి.

నేను కెమిస్ట్రీ మనిషిని, డాక్టర్ని కాను. అందుకే మోకాళ్ల గురించి కన్నా సీసాల గురించి ఎక్కువ మాట్లాడతాను.

వెళ్లకముందు పనులు

ఎవరి పళ్లైనా చూడాలన్నా, మూత్రం నమూనా తీసుకోవాలన్నా, ప్రశ్నపత్రంతో ఇంటింటికీ తిరగాలన్నా ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు రావాలి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు తెరిచి చదవండి. చదువు రాని వాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు మన బృందానికి సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. కారు డ్రైవరును సాక్షిగా కూర్చోబెట్టి పని కానిచ్చేయకండి. పిల్లల పళ్లు చూడాలంటే స్కూలు హెడ్మాస్టరు సంతకం సరిపోదు, అమ్మానాన్నల సమ్మతి కావాలి.

డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) ఆఫీసుకు లెటరు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుకు ఒక కాపీ, గ్రామ పంచాయతీకి ఒక కాపీ. ఇవన్నీ కాగితం పనులు, అయిపోతాయి. అసలు పని ఆశా వర్కర్‌తోటి. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ ఇంటికి నల్లా అందడం లేదు, ఎవరు ఎవరితో మాట్లాడరు, అన్నీ ఆమెకు తెలుసు. ఆమె రోజు మన కోసం పోతే ఆ పైసలు బడ్జెట్‌లో ముందే రాసుకోండి. సమోసా బిల్లు కళ్లు మూసుకుని పాస్ చేసే ఫైనాన్స్ సెక్షన్ ఆశా గౌరవ వేతనానికి పది ప్రశ్నలు వేస్తుంది. ఆ టెన్షన్ మనం పడాలి గానీ ఆమె మీద పెట్టకూడదు.

టైం సంగతి. పత్తి ఏరే రోజుల్లో, నాట్లప్పుడు మీటింగు పెడితే ముసలివాళ్లు, మూడేళ్ల పిల్లలే వస్తారు. ఎండాకాలంలో ఉపాధి హామీ పని జరిగే చోటికే వెళ్లండి. పొద్దున పని దించాక చెట్టు కింద అరగంట దొరుకుతుంది. మహిళా సంఘం వాళ్లు నెలనెలా ఎలాగూ కూర్చుంటారు. అప్పుల లెక్క అయ్యాక మాకో పావుగంట ఇవ్వండని అడిగితే కాదనరు.

సీసా ఎలా పట్టాలి

గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్ గాజుతో కలబడుతుంది, లెక్క తేడా వస్తుంది. అర లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరు మోటారు వేసి కాసేపు నీళ్లు వదిలేయాలి, పైపులో నిలిచిన నీరు పోవాలి. అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి అప్పుడు నింపండి. పేరు, వాడ, బోరు లోతు, తేదీ సీసా ఒంటి మీదే రాయండి. మూత మీద రాస్తే ల్యాబులో మూతలు మారిపోతాయి, ఆ తర్వాత ఎవరి నీళ్లు ఎవరివో దేవుడికే ఎరుక.

మూడు రకాల నీళ్లు తప్పకుండా పట్టండి: ఇంట్లో తాగేవి, వండేవి, చేను దగ్గర తాగేవి. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగే నీరు చాలా ఇళ్లలో మారింది. కానీ పైపు పగిలిన రోజు, కరెంటు లేని రోజు మళ్లీ బోరే దిక్కు. పొలంలో దాహమేస్తే మోటారు పైపు దగ్గర దోసిలి పట్టడం మామూలే. ఇంటి నీళ్లు ఒక్కటే పరీక్షించి ఊరికి ఫ్లోరైడ్ పోయిందని రిపోర్టు రాస్తే కూలి మనిషి ఆ లెక్కలోంచి జారిపోతుంది.

రంగు మారే ఫీల్డు కిట్టు నలుగురి ముందు చూపించడానికి బాగుంటుంది. ఎర్రటి రంగు వెలిసిపోతుంటే అందరూ మెడలు చాచి చూస్తారు. కానీ ఆ రంగును ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు. పటిక వేసిన నీళ్లలోనైతే కిట్టు తప్పుదారి పట్టిస్తుంది. ఊరికి రాతపూర్వకంగా ఇచ్చే అంకె మాత్రం ల్యాబులో ఎలక్ట్రోడుతో కొలిచిందే అయి ఉండాలి.

సీసా నింపేటప్పుడే ఫలితం ఏ తేదీకి చెబుతారో చెప్పండి. చెప్పలేకపోతే సీసా నింపకండి. ఒక ఊళ్లో నేను సంచీ దించగానే ఒక అవ్వ అడిగింది: “మల్ల సీసాలు పట్టుకొచ్చిండ్రా? పోయినోళ్లు ఏం జెప్పకపోయిరి.” ఆ పోయినోళ్లు ఎవరో నాకు తెలియదు, వాళ్ల పేపరు ఏదో జర్నల్లో వచ్చే ఉంటుంది. ఆ ఊళ్లో మాత్రం యూనివర్సిటీ అంటే సీసాలు పట్టుకుపోయేవాళ్లు అని మిగిలిపోయింది.

మీటింగులో ఏం మాట్లాడాలి

పవర్‌పాయింటు వద్దు. కుర్చీలు కూడా వద్దు, వాళ్లు చాప మీద ఉంటే మనమూ చాప మీదే. వాళ్ల సీసాలే వరుసగా పెట్టండి, ఒక్కోదాని ముందు అంకె రాసిన అట్టముక్క. అప్పుడు లెక్క చెప్పండి.

ఫ్లోరైడ్‌కు మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఊరికి కావలసిన లెక్క దీని తర్వాత ఉంది. 1.5 ఉన్న నీళ్లు ఆఫీసులో కూర్చున్న మనిషి రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది 3 మిల్లీగ్రాములు. మే నెల ఎండలో మట్టి ఎత్తే మనిషి ఐదు లీటర్లు తాగితే ఏడున్నర. అదే నీళ్లు, అదే హద్దు. 3 ఉన్న బోరు దగ్గరైతే 15. ఈ గుణకారం నోటితో చేయించండి. రోజుకు ఎన్ని చెంబులు తాగుతారో వాళ్లనే చెప్పమనండి. సంఘం అప్పు వడ్డీ నోటితో లెక్కగట్టే ఆడవాళ్లకు ఇది చిటికెలో పని.

తర్వాత తప్పకుండా వచ్చే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కాచి తాగితే పోతుందా? పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ప్లాంటు నీళ్లు మంచివేనా? ప్లాంటు ముందు బోర్డు మీద రాసేది టీడీఎస్. అది మొత్తం లవణాల లెక్క, ఫ్లోరైడ్ లెక్క కాదు. ఆర్వో పొర బాగుంటే ఫ్లోరైడ్ తగ్గుతుంది, పొర ఎన్నాళ్లకు మార్చారో ప్లాంటు ఆయనే చెప్పాలి. అందుకే ప్లాంటు క్యాను నీళ్లు కూడా ఒక సీసా పట్టండి, ఆయనకు చెప్పి మరీ పట్టండి. నల్లా నీళ్లు మందు వాసన వస్తున్నాయంటారు. అది క్లోరిను. బిందెకు పలుచని బట్ట కట్టి కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి ఉంది. 1970ల్లో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. నేను తిరిగిన ఇళ్లలో మాత్రం అది నాకు కనిపించలేదు. నీటిని బట్టి పటిక మోతాదు మార్చాలి, రోజూ కలపాలి, తేరనివ్వాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. పొద్దున ఐదింటికి లేచి వంట చేసి కూలికి పోయే మనిషికి ఇది అయ్యే పని కాదు. ఇంటి పనిలో ఇమడని సలహాను ఎంత మంచి శాస్త్రమైనా పక్కన పెట్టేయండి. ‘తాగడానికీ వండడానికీ నల్లా నీరే, బోరు నీరు మిగతా అన్నిటికీ’ అని ఒక్క మాట నిలబడితే చాలు.

తిండి దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి. కాల్షియం, సి విటమిన్ అందితే ఫ్లోరైడ్ దెబ్బ కొంత తగ్గుతుంది. పాలు, తైదలు (రాగులు), నువ్వులు, మునగాకు, తోటకూర, జామ, ఉసిరి, అన్నీ మన దగ్గర దొరికేవే. చింతపండు తీసుకున్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపించారు. ఆ మాట చెప్పగానే అందరి మొహాలూ వెలుగుతాయి, పచ్చిపులుసు రోజూ తినే జనం కదా. కానీ చింతపండు మందు అని మాత్రం అననివ్వకండి. నీళ్లు మారకుండా పులుసు ఒక్కటే కాపాడదు. టీ డికాషన్‌లోనూ నల్లుప్పులోనూ ఫ్లోరైడ్ ఉంటుందని కూడా చెప్పండి. ఇక పాలు తాగమనే ముందు ఆ ఇంటి పాలు ఎక్కడికి పోతున్నాయో అడగండి. చాలావరకు పాలకేంద్రానికే పోతాయి. పిల్లలకో గ్లాసు ఉంచమని అడగాల్సింది అత్తనో మామనో, కోడలిని కాదు.

అంగన్‌వాడీ పిల్లల తల్లులకు మాత్రం విడిగా టైం ఇవ్వండి. పళ్ల మీద గోధుమరంగు చారలు పడేది పన్ను బయటికి వచ్చాక కాదు, చిగురు లోపల తయారవుతున్నప్పుడే. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లు నవ్వు మీద కనిపిస్తాయి. ఎంత తోమినా ఆ చారలు పోవు. పళ్లు సరిగ్గా తోమడం లేదని టీచరు తిట్టే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, టీచర్లకూ ఈ మాట చేర్చండి.

నడుము వంగినవాళ్ల విషయంలో

వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి చూపించకండి. ఫొటో అడగకండి. దశాబ్దాలుగా కెమెరాలు చూసి విసిగిపోయారు. ఎముకలు గట్టిపడి బిగుసుకున్నాక వెనక్కి రావని డాక్టర్లు చెబుతారు, మనం కొత్త ఆశలు అమ్మకూడదు. నొప్పి తగ్గించడానికి, కదలిక నిలుపుకోవడానికి పీహెచ్‌సీ నుంచి ఎక్కడికి పంపుతారో కనుక్కుని చెప్పండి. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఉందా, పింఛను వస్తోందా అని చూడండి. ఒక్కరికి ఆ కాగితం పని చేసి పెడితే ఊరు మన మాట వినే తీరే మారుతుంది.

మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనక ముట్టుకోవడం. వీటిలో ఏది చేయలేకపోయినా ఫ్లోరైడ్ ఎముకలను పట్టిందేమోనని అనుమానించాలని చెప్పే పరీక్ష ఉంది. మీటింగులో నవ్వుకుంటూ అందరూ చేస్తారు. అది అనుమానానికే, నిర్ధారణకు కాదు. చేయలేనివాళ్ల పేర్లు అక్కడ గట్టిగా చదవకుండా, విడిగా డాక్టరు దగ్గరికి పంపండి.

దేవరకొండ వైపు తండాలకు వెళ్తే తండాలో చదువుకున్న అమ్మాయినే మాట్లాడనివ్వండి, మనం పక్కన ఉంటే చాలు. ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఏ సర్వేలోనూ ఉండవు, ఏ నల్లా వాళ్లదాకా రాదు. బట్టీ బోరు నీళ్లు కూడా ఒక సీసా పట్టండి.

విద్యార్థులకు ఒక మాట. ఇంట్లోకి పిలిచి చెంబుతో నీళ్లిస్తే తాగండి. ఒక్క రోజు నీళ్లతో ఎవరి ఎముకలూ వంగవు. సంచీలోంచి మన సీసా తీసి గుటకలు వేస్తూ ‘మీ నీళ్లు ఎలా ఉన్నాయమ్మా’ అని అడిగితే వాళ్లు ఇచ్చే జవాబు రాసుకోవడానికి పనికిరాదు.

పాఠం ఎక్కిందా లేదా

‘ఫ్లోరైడ్ హానికరమని మీకు తెలుసా, అవును లేదా కాదు’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. వంద శాతం వచ్చిందని రిపోర్టు రాసుకోవచ్చు, అంతే. దాని బదులు కొన్ని నెలల తర్వాత వెళ్లి “ఈ పొద్దు అన్నం ఏ నీళ్లతోటి వండిన్రు?” అని అడగండి. పొయ్యి పక్కన ఉన్న బిందె ఎక్కడ నింపిందో చూడండి. చేనుకు సీసా పట్టుకెళ్తున్నారా చూడండి.

బోర్ల అంకెలు వానాకాలం ముందు ఒకలా, తర్వాత ఒకలా ఉండొచ్చు, కాబట్టి రెండుసార్లూ కొలవాలి. అన్నీ ఒకే నోటుబుక్కులో రాసి అంగన్‌వాడీలో ఉంచండి, ఒక కాపీ పంచాయతీకి, ఒకటి గ్రామీణ నీటి సరఫరా ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు). హద్దు దాటిన బోరు మీద ఎర్ర రంగు వేద్దామని కుర్రాళ్లు ఉత్సాహపడతారు. అది ఎవరి పొలంలో ఉందో, ఆ మనిషితో ఊరికి ఏం గొడవలున్నాయో తెలియకుండా బ్రష్ పట్టనివ్వకండి, గ్రామసభ తీర్మానం అయ్యాకే. స్కూలు బోరుకో, అంగన్‌వాడీ బోరుకో హద్దు దాటిన అంకె వస్తే మాత్రం గ్రామసభ దాకా ఆగొద్దు. ల్యాబు రిపోర్టు పట్టుకుని ఆ రోజే పంచాయతీ సెక్రటరీని కలవండి, వంటకు నల్లా నీళ్లు పెట్టించి రండి.