బంగారం మీద థయాల్ పొర చివరికి ఎలా కుదిరిందంటే

బంగారం పూత ఉన్న గాజు ముక్కను డోడెకేన్‌థయాల్ ద్రావణంలో ముంచితే, ఒక చివర గంధకం, మిగతాదంతా పొడవాటి కార్బన్ తోక ఉండే ఆ థయాల్ అణువులు వాటంతట అవే వరుసగా నిలబడి, ఒక్క అణువు మందంతో పొర కట్టాలి. నాకు మూడు వారాలు కట్టలేదు. పైన వేసిన నీటి చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం ఒకచోట 95 డిగ్రీలు, పక్కనే 80. మంచి పొరకైతే 110 దగ్గర రావాలి. చాలా టెన్షన్ పడ్డాను.

గాఢత పెంచి చూశాను, లాభం లేదు. అసలు తప్పులు వేరే. శుభ్రం చేసిన బంగారానికి గాలిలో కాసేపటికే కంటికి కనపడని సేంద్రియ మురికి పట్టేస్తుంది, నేనేమో ముందురోజు కడిగిన ముక్కలు వాడుతున్నాను. పైగా గంటకే బయటికి తీసేస్తున్నాను. గంధకం బంగారాన్ని పట్టుకోవడం నిమిషాల పనే, కానీ ఆ తర్వాత పొడవాటి కార్బన్ తోకలు ఒకదానికొకటి ఆనుకుని, ఒకే వైపు వాలి, ఖాళీలు పూడ్చుకుంటూ సర్దుకోవడానికి గంటలు పడుతుంది, నాకైతే ఈ మొత్తంలో అందమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఇప్పుడు యూవీ-ఓజోన్‌తో (అతినీలలోహిత కాంతి, ఓజోన్ కలిసి సేంద్రియ మురికిని తీసేసే పద్ధతి) శుభ్రం చేసి, ఇథనాల్‌లో కాసేపు నానబెట్టి, వెంటనే అప్పుడే కలిపిన 1 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు) థయాల్ ద్రావణంలో వేస్తున్నాను. నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసేసి, మూతపెట్టి 24 గంటలు కదపను. నిన్న కొలిచిన ప్రతిచోటా 109, 110 వచ్చింది.