చెరువులోకి సముద్రపు పామును దింపాలంటే

కథకైనా, ఆటకైనా రాక్షస పామును తయారుచేసేటప్పుడు పళ్లు, కొమ్ములు తర్వాత చూసుకోవచ్చు. ముందు దానికేం కావాలో తేల్చండి. ఆకలి అందరూ రాసేదే, దాహం పెట్టి చూడండి. సముద్రపు పాములు ఉప్పునీళ్లు తాగి బతకవు. నాలుక కింద ఉప్పును బయటికి పంపే గ్రంథి ఉన్నా, తాగడానికి వాన కురిసినప్పుడు సముద్రం మీద తేలే మంచినీళ్లే కావాలి. ఆ దాహంతోనే మీ పాము వానకాలంలో గోదావరికి ఎదురీదుతుంది. మేడారం జంపన్న వాగు లాంటి వాగులోకి మళ్లుతుంది. వరదకు వాగూ, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడీ ఒక్కటైన రాత్రి చెరువులో పడుతుంది. మత్తడి దుంకడం ఆగాక ఇక దారి లేదు. నేల మీద పాకడానికి ఊతమిచ్చే వెడల్పాటి పొట్ట పొలుసులు చాలా సముద్రపు పాములకు ఉండవు, కాబట్టి కట్ట దాటలేదు.

ఎక్కువమంది తప్పేది సైజు దగ్గర. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. 6 మీటర్ల పాము 60 కిలోలనుకుంటే 12 మీటర్లది 480, 24 మీటర్లది 3,840 కిలోలు. నెలకు తన బరువులో పదో వంతు తింటుందని పెట్టుకోండి. 12 మీటర్ల పాము 48 కిలోల చేపలతో సరిపెట్టుకుంటుంది, పెద్ద చెరువులో ఎవరికీ తెలియదు. 24 మీటర్లదైతే 384 కిలోలు, కొర్రమట్టలు తగ్గాయని వలలవాళ్ల మధ్య కొట్లాట మొదలవుతుంది. రహస్యం కావాలంటే చిన్నది, ఊళ్లో తగువు కావాలంటే పెద్దది. గుజరాత్ కచ్‌లో దొరికిన వాసుకి ఇండికస్ అనే పాము శిలాజానికి 2024లో వేసిన అంచనా 11 నుంచి 15 మీటర్లు. అంతకు మించితే మీ లోకంలో కారణం చూపించాలి.

నీళ్ల మీద వరసగా మూపురాలు తేలినట్టు గీయకండి. పాము వెన్ను పక్కలకు వంగుతుంది, పైకీ కిందికీ ఊగుతూ ఈదేవి తిమింగలాలు, డాల్ఫిన్లు. మూపురాలే కావాలంటే దాన్ని పాలిచ్చే జంతువును చేయండి, అప్పుడు పిల్లలూ పాలూ కథలోకి రావాలి. పామే అయితే తోక తెడ్డులా చదునుగా ఉండాలి.

మొప్పలు పెట్టొద్దు. ఊపిరి కోసం పైకి రావడమే భయం పుట్టే చోటు. ముక్కు రంధ్రాలు తల పైభాగాన ఉంటాయి, మునిగితే మూసుకుంటాయి. కట్ట మీదున్నవాడికి తల కూడా కనిపించదు. తామరాకుల పక్కన రెండు చింతగింజలంత నల్ల చుక్కలు తేలతాయి, చుట్టూ అల ఉండదు. ఒక్క బుస్సు. చుక్కలు పోతాయి. అరక్షణం తర్వాత పుట్టి పక్కకు ఒరుగుతుంది. గంటకోసారి అని లెక్క పెట్టుకుంటే చదివేవాళ్లూ లెక్కపెడతారు.

చంపడానికి కత్తి కన్నా తూము బాగా పనిచేస్తుంది. మార్చిలో దాని తలుపు ఎత్తించండి. అప్పటికి యాసంగి వరి పొట్ట మీదుంటుంది, చెరువు ఖాళీ అయితే గింజ పట్టదు. పామా, పంటా అన్న తగువు ఊరిని రెండుగా చీలుస్తుంది. పెద్ద చెరువు ఒక్క రాత్రిలో ఖాళీ కాదు, కనీసం కొన్ని రోజులు రాయండి. ఇంకో సంగతి, తూము గడప కన్నా కింద ఉన్న నీళ్లు కాలువకు దిగవు. శిఖం, అంటే చెరువు అడుగు నేల, అంతా బురదై, నడుమ మిగిలిన మడుగులోనే పాము ఉంటుంది. అక్కడికి వలతో, బల్లేలతో మోకాలి లోతు బురదలో నడిచి వెళ్లాలి.